మొగలి, ఎండు నెత్తళ్ళు, పుచ్చకాయ: గంజాం తీరంలో నాలుగు రోజులు

తమ్ముడి కొడుకు పుట్టినరోజుకు స్నేహితులెవరో సెంటు సీసా ఇచ్చారు. పెట్టె నిండా ఎండ, తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు. వాడు మణికట్టు మీద చల్లుకుని నా ముక్కు దగ్గర పెట్టి, "చూడత్తా, సముద్రం!" అన్నాడు. నాకు మాత్రం అప్పుడే కోసిన పుచ్చకాయ వాసన వచ్చింది. ఆ మాటే అనేసరికి వాడి ముఖం చిన్నబోయింది.

తప్పు నా ముక్కుది కాదని తర్వాత చదివితే తెలిసింది. ఫైజర్ మందుల కంపెనీ రసాయనవేత్తలు 1966లో కనిపెట్టిన కాలోన్ అనే పదార్థం వాసన పుచ్చకాయకు దగ్గరగా ఉంటుంది. 1990లలో సముద్రం పేరు చెప్పుకున్న సెంట్లు చాలావరకు దాని మీదే బతికాయి. ఇటలీ ఫ్యాషన్ డిజైనరు అర్మానీ మగవాళ్ళ కోసం తెచ్చిన ఆక్వా డి జియో వచ్చింది 1996లో. సిసిలీకి, ట్యునీషియాకు నడుమనున్న పాంటెల్లేరియా దీవిలో అర్మానీ సెలవులు గడిపేవాడు. అక్కడి ఎండనూ నీళ్ళనూ తలుచుకుని చేయించిన సెంటు అది.

ఈ కథంతా అమ్మకు చెబితే పెదవి విరిచింది. "పుచ్చకాయ ఏమిటే? సముద్రపు ఒడ్డంటే మొగలి వాసన" అంది. అమ్మ పుట్టింది ఇచ్ఛాపురం పక్క పల్లెలో. వాళ్ళమ్మ ట్రంకుపెట్టెలో చీరల మడతల మధ్య మొగలిరేకులు ఉండేవట, పండగ పూట అవే జడల్లోకి వచ్చేవట. ఇప్పుడా పల్లెలో పొదలు కొట్టేసి సరుగుడు వేశారు. "చూడాలని ఉంటే బరంపురం దాటి వెళ్ళు. అక్కడ దాన్ని వండి అత్తరు తీస్తారు" అంది. పువ్వును వండటమన్న మాట నన్ను పట్టుకుంది. ఆగస్టులో నాలుగు రోజులు సెలవు దొరకగానే ఒడిశాలోని గంజాం జిల్లాకు బయలుదేరాను. పాంటెల్లేరియాకు డబ్బులు లేవు, బరంపురానికి ఉన్నాయి.

ఆగస్టు 20, బరంపురం

మూడు రోజులుగా పట్టిన ముసురు నేను దిగిన పూటే తెరిపి ఇచ్చింది. స్టేషను బయట ఆటో అబ్బాయిని హిందీలో పలకరించాలా, ఇంకెలాగైనానా అని తటపటాయిస్తుంటే, "ఎక్కడికక్కా?" అని వాడే తెలుగులో అడిగాడు. బరంపురంలో అంతే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది. మన నాలుగో రాష్ట్రపతి వి.వి. గిరి పుట్టింది ఇక్కడే, 1894లో. సరుకుల కొట్లలో, టిఫిను బళ్ళ దగ్గర, గుడి మెట్ల మీద తెలుగు ఒడియాతో కలిసిపోయి తిరుగుతూ ఉంటుంది. ఒకే వాక్యం ఈ భాషలో మొదలై ఆ భాషలో ముగుస్తుంది.

అంత హాయిగా తెలుగు వినిపిస్తున్నా, దారిలో నేర్చుకున్న ఒక్క ఒడియా మాటను వాడి తీరాలని నాకు ఉబలాటం. మొగలిని ఒడియాలో కియా అంటారు. "బాబూ, కియా తయారుచేసే చోటికి తీసుకెళ్ళు" అన్నాను దర్జాగా. అబ్బాయి ఒకసారి అనుమానంగా చూసి, తల ఊపి, ఆటోను జాతీయ రహదారి ఎక్కించాడు. పావుగంట తర్వాత అద్దాల గోడలున్న కార్ల షోరూముల వరస మొదలైంది. అప్పుడు వెనక్కి తిరిగి మర్యాదగానే అడిగాడు: "ఇక్కడ అమ్మడమే అక్కా, ఆ కార్లు తయారుచేసేది మీ పెనుకొండ దగ్గర కదా?"

పువ్వయ్యా, పువ్వు అని చేతులతో ముళ్ళూ రేకులూ చూపించాను. "మొగలిపువ్వా! ఆ మాట ముందే తెలుగులో చెప్పొచ్చు కదా!" అని స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. ఆ షికారుకు నూట ఎనభై రూపాయలు పోయాయి కానీ, మిగిలిన మూడు రోజులకూ నమ్మకమైన తోడు దొరికాడు. మొగలి అత్తరు కాచే భట్టీల దారులన్నీ తెలిసినవాడు. అక్కడ పనిచేసే వాళ్ళ మేనమామకు ఫోను చేసి నా సంగతి చెప్పాడు.

సాయంత్రం పాత బజారులో ఒక అత్తరు కొట్టు చూపించాడు. కొట్టు అంటే మనిషి కూర్చుంటే నిండిపోయే అర. కళ్ళజోడు పెద్దాయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "మొగలి తినడానికా, పూసుకోవడానికా, నమలడానికా?" నేను తెల్లబోతే ఆయనే విప్పి చెప్పాడు. తినడానికైతే మొగలినీళ్ళు, బిర్యానీలోకీ మిఠాయిల్లోకీ. పూసుకోవడానికైతే అత్తరు. నమలడానికైతే జర్దా, పాన్ మసాలా వాళ్ళు కొనే సరుకు. వ్యాపారమంతా ఆ మూడోదాని మీదే నడుస్తుందట, పూసుకునేవాళ్ళు చివరన వస్తారట.

పుల్లలకు దూది చుట్టి మూడు సీసాల్లో ముంచి వరసగా ఇచ్చాడు. మొదటిది తియ్యగా, బరువుగా, క్షణంలో తల పట్టేసింది. "దీనిలో పువ్వే లేదమ్మా, ఫ్యాక్టరీ సరుకు" అన్నాడు. మొగలి నూనెలో సగానికి పైగా ఉండేది ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే ఒక్క పదార్థం. దాన్ని ప్రయోగశాలలో చేయడం సులువు కాబట్టి మొగలికి నకిలీ చేయడమూ సులువే. రెండోది మెత్తగా ఉంది, నూనె జిడ్డు వేలికి అంటింది. మూడో సీసా తాళం వేసిన సొరుగులోంచి వచ్చింది. చిటికెన వేలంత ఉంది. అది రూహ్, అంటే ఏ నూనెలోనూ కలపని పువ్వు సారం. కిలో లెక్కన లక్షలు పలుకుతుందట. "ఇది మీకు అమ్మను, చూపిస్తాను, అంతే" అన్నాడు. మొదట పచ్చి పసుపుకొమ్ము విరిచినంత ఘాటు. వెనకే తేనె. దూది ఆరుతున్న కొద్దీ ఎక్కడో గులాబీ. నేను ఇంకా దానిలోనే ఉండగా ఆయన మూత బిగించి, "ఈ మూడూ పువ్వు కాదు. పువ్వు కావాలంటే తెల్లవారకముందే పొద దగ్గరికి వెళ్ళాలి" అన్నాడు.

ఏమీ కొనకుండా లేచినందుకు నొచ్చుకోలేదు సరికదా, మొదటి పుల్ల ఊరికే ఇచ్చాడు. ఆ రాత్రి గదిలో నిద్ర పట్టకపోవడానికి కారణం అదే. కిటికీలోంచి పారేశాను.

ఆగస్టు 21, గోపాల్‌పూర్

పొద్దున్నే టిఫిను బండి దగ్గర ఇడ్లీ మీద చట్నీకి బదులు గుగ్గుని పోశాడు. బఠాణీల కూర. వద్దనబోయి ఊరుకున్నాను, రెండో ప్లేటు అడిగి తిన్నాను. నలభై రూపాయలు.

గోపాల్‌పూర్ బరంపురానికి పదిహేను కిలోమీటర్ల పైచిలుకు. ఒకప్పుడు ఇక్కడి నుంచి రంగూనుకు ఓడలు వెళ్ళేవి, బియ్యమూ కూలీలూ కలిసి. ఆ రేవు తాలూకు స్తంభాలు కొన్ని ఇప్పటికీ ఇసుకలో నిలబడి ఉన్నాయి. వాటి నీడలో ఒక కుర్రాడు వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. ముసురు కడిగేసిన ఆకాశం, కళ్ళు చిట్లించుకోవలసినంత ఎండ, లైట్‌హౌసు తెలుపూ ఎరుపూ చారలు. సెంటు పెట్టె మీది బొమ్మకు ఏ లోటూ లేదు.

కళ్ళు మూసుకుని నిలబడి గట్టిగా ఊపిరి పీల్చాను. వచ్చింది చేప. ఇసుక మీద వలలు పరిచి ఎండబెట్టిన నెత్తళ్ళు, వెండి రేకుల్లా, బారులు బారులుగా. ఆ వాసన వెనక పడవల తారు, తడి తాడు. మరీ నీళ్ళ అంచుకు వెళితే, నిజంగా సముద్రానిదే అయిన ఒక పలచని వాసన ఉంటుంది. కంటికి కనిపించని నాచుజీవుల నుంచి పుట్టే డైమిథైల్ సల్ఫైడ్ అనే వాయువుది అది. ఉడికిన క్యాబేజీలోనూ అదే ఉంటుంది. సీసా మీద క్యాబేజీ బొమ్మ వేసి సముద్రాన్ని అమ్మేవాడు ఇంకా పుట్టలేదు.

ఇక్కడి జాలర్లను ఒడియావాళ్ళు నోలియాలంటారు. తరతరాలుగా ఇక్కడే ఉన్నా ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. నెత్తళ్ళు తిరగేస్తున్న ఒక పెద్దావిడ పక్కన కూర్చున్నాను. కాసేపు నన్ను పట్టించుకోలేదు. చేతికి రెండు గుప్పెళ్ళు ఇచ్చి, "ఊరికే కూర్చోకపోతే ఇవి పరువు తల్లీ" అంది. పరిచాను. అప్పుడు మాట కలిసింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఈ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తెల్లారి వచ్చి చూస్తే పడవ రోడ్డు అవతల ఉందట. "మొగలిపొదలున్న చోట ఇసుక కదలలేదమ్మా. లేని చోట దిబ్బకు దిబ్బే లేచిపోయింది" అంది. ఊడల్లాంటి వేళ్ళు దిగేసి ఇసుకను పట్టుకునే మొక్క అది.

రేపు పొదల దగ్గరికి వెళుతున్నానని చెబితే ఆవిడ చెయ్యి ఆగింది. "చూసి రా. చెయ్యి మాత్రం లోపల పెట్టకు. పాములుంటాయి." మొగలి వాసనకు పాము వస్తుందని మా ఇంట్లోనూ అంటారు. వాసనకు వస్తుందో, నీడకు వస్తుందో, ఎలకల కోసం వస్తుందో అడిగితే ఆవిడ దగ్గర తేలికైన జవాబు ఉంది: "దేనికి వస్తే మనకెందుకు? ఉంటుంది."

అరకిలో నెత్తళ్ళు కొన్నాను. రెండు వందలు చెప్పి నూట అరవైకి ఇచ్చింది. ముప్ఫై తగ్గించింది బేరానికట, పది మాత్రం పని చేసినందుకట.

మధ్యాహ్నం ఒక తాటాకు పాకలో పఖాళ తిన్నాను. మన చద్దన్నమే, కానీ ఇక్కడ దానికి పెద్దపీట. కంచంలో నీళ్ళన్నం, చుట్టూ వేయించిన చేప, ఆకుకూర, వడియాలు నలిపి వెల్లుల్లి, పచ్చిమిర్చి కలిపిన బడి చూర. కంచం సగం కాగానే ఇంటావిడ అడగకుండానే పులిసిన ఆ నీళ్ళు, తొరాణి అంటారు, గిన్నెతో పోసింది. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. పక్క బల్ల మీది పెద్దమనిషి తన అన్నం ఆపి, "తొరాణి కాదంటే ఇంటివాళ్ళను కాదన్నట్టు" అని మెల్లగా అన్నాడు. రెండోసారి పోస్తే తాగాను. తొంభై రూపాయల భోజనం తర్వాత ఎండలో నడిచే పనేమీ పెట్టుకోకూడదని తెలిసింది. సాయంత్రం దాకా నిద్రపోయాను.

ఆగస్టు 22, తెల్లవారుజాము

నాలుగింటికే ఆటో వచ్చింది. రంగేయిలుండా వైపు పొలాల మధ్య దారి. ఊరి పేరు రాయవద్దని భట్టీ యజమాని అడిగాడు కాబట్టి రాయడం లేదు. దీపం వెలుగులో గట్ల వెంట నల్లటి గోడలా కనిపించినవే మొగలిపొదలు. ఇక్కడ పొలాలకు కంచె కూడా ఇదే. పశువు రాదు, మనిషి రాడు.

వాసన పొదకంటే ముందు వచ్చింది. గాలి మళ్ళినప్పుడల్లా వచ్చి, ఆగి, ఎవరో పక్కనుంచి నడిచి వెళ్ళినట్టు పోతోంది. నిన్న రాత్రి పగిలిన పువ్వులవి. పొద్దెక్కితే ఈ వాసన సగం ఉండదు, అందుకే కోత చీకట్లోనే మొదలవుతుంది.

పొడవాటి వెదురుకు కొడవలి కట్టిన ఒక మనిషి, వెనక బుట్ట పట్టుకుని అతని భార్య. మొగలి ఆకు అంచుల వెంట రెండు వరసల ముళ్ళు, అడుగున నడిమి ఈనె మీద మూడో వరస. ఏ వైపు నుంచి ముట్టుకున్నా గీసుకుంటుంది. నాకు ముంజేతి మీద ఐదు గీతలు పడ్డాయి, ఈ రాత్రికీ మచ్చలున్నాయి. అతని చేతులు మోచేతుల దాకా అలాంటి గీతలతో పాత పలకలా ఉన్నాయి. వాసన వచ్చేది మగ మొక్క పువ్వుకే. ఆడ మొక్కకు అనాసపండులాంటి కాయ కాస్తుంది, దాన్ని చూసి పర్యాటకులు ఫోటోలు దిగుతారని ఆవిడ నవ్వింది.

కోసిన పువ్వు ఒకటి నా చేతికిచ్చారు. ఒక మూరకు తక్కువ. పైన ముతక పచ్చ ఆకులు, లోపలికి పోయే కొద్దీ లేత పసుపు, ఆ లోపల మీగడ రంగు. రేకుకూ రేకుకూ మధ్య పిండి జల్లినట్టు పుప్పొడి. రేకు వెనక్కి వంచితే సన్నటి చప్పుడుతో విడివడింది, ఆ సందులోంచి వెచ్చగా వచ్చింది వాసన. కొట్టులో చూసిన రూహ్‌లో ఉన్నదే, కానీ దానికి పచ్చి చెరుకు, తడి ఇసుక, ఇంకా పేరు తెలియని పుల్లటిదేదో తోడయ్యాయి. లోపలి రేకు మీద చిన్న నల్లచీమ ఒకటి దారి తప్పి తిరుగుతోంది.

బ్రహ్మ తరఫున అబద్ధపు సాక్ష్యం చెప్పి శివుడి పూజకు పనికిరాకుండా శాపం తెచ్చుకున్న పువ్వు ఇదే కదా అన్నాను. కోసేవాడు పైకి చూస్తూనే, కొడవలి లాగుతూనే అన్నాడు: "శివుడు వద్దంటే ఏముంది? అత్తరు కాచే కన్నౌజువాళ్ళు కావాలంటున్నారు."

పువ్వులు తూకానికి కాదు, లెక్కకు అమ్ముతారు. ఇవాళ్టి ధర పువ్వుకు తొమ్మిది రూపాయలు. నిన్న పదకొండట. ధర ఎవరు పెడతారని అడిగితే ఇద్దరూ భట్టీ ఉన్న వైపు చూశారు.

అదే రోజు, భట్టీలో

రేకుల కప్పు, పక్కలు తెరిచి ఉన్న పాక. నేలలో కట్టిన మట్టి పొయ్యిల మీద బొజ్జ రాగి పాత్రలు, డేగ్ అంటారు. యజమాని కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజు నుంచి వచ్చింది. ఈ తీరంలో పువ్వుంది, వాళ్ళ దగ్గర విద్య ఉంది, అలా కుదిరిన సంబంధం ఇది. దేశంలో మొగలి అత్తరుకు ప్రధానమైన చోటు గంజామే. ఇక్కడి మొగలిపువ్వుకు, రూహ్‌కు విడివిడిగా భౌగోళిక గుర్తింపు ఉంది. యజమాని నాకు టీ ఇప్పించి పద్దు పుస్తకంలో పడిపోయాడు. అసలు చూపించింది ఆటో అబ్బాయి మేనమామ. అరవై దాటిన మనిషి, తెలుగు బాగానే వచ్చు, మాట పొదుపు.

పైనున్న పచ్చి ఆకులు ఒలిచి పువ్వుల్ని డేగ్‌లో పేర్చారు. "నాలుగు వందల పన్నెండు" అని లెక్క చెప్పి నీళ్ళు పోశారు. మూతకూ పాత్రకూ మధ్య దూది కలిపిన బంకమట్టి మెత్తారు, అచ్చం గారె పిండి తట్టినట్టు. మూతలోంచి వెదురు గొట్టం ఒకటి బయలుదేరి, పక్కన నీళ్ళ తొట్టిలో మునిగి ఉన్న పొడుగు మెడ రాగి చెంబులోకి దిగుతుంది. గొట్టానికి తాడు చుట్టి ఉంది. ఆ చెంబు భప్కా. దానిలో ముందే నూనె పోసి ఉంటుంది. పైన ఉడికిన పువ్వు ఆవిరై గొట్టంలో నడిచి, చల్లటి చెంబులో నీరై, వాసనను నూనెకు అప్పగిస్తుంది.

థర్మామీటరు లేదు, గడియారం లేదు. పెద్దాయన గంటకోసారి వచ్చి భప్కా మెడ మీద చెయ్యి వేసేవాడు. డేగ్‌కు చెవి ఆనించేవాడు. ఒకసారి ఏమీ అనకుండా పొయ్యిలోంచి రెండు కట్టెలు బయటకు లాగాడు. ఎలా తెలిసిందన్నాను. "అన్నం ఉడికిందని నీకెలా తెలుస్తుంది?" అన్నాడు. అమ్మ వండటమని ఎందుకందో అప్పుడు అర్థమైంది. నేనూ నేర్చుకుందామని వెదురు గొట్టం మీద అరచెయ్యి పెట్టి, కెవ్వున తీసుకున్నాను. ఆయన నవ్వలేదు, తొట్టిలో నా చెయ్యి ముంచి పట్టుకున్నాడు. వెనకాల ఆటో అబ్బాయి ఆ నవ్వు కూడా కలిపి నవ్వాడు.

మూడు గంటలు దాటాక తొట్టి నీళ్ళు మార్చారు, భప్కా తీసి చల్లారబెట్టారు. పైకి తేలిన నూనె అత్తరు, కింద నీళ్ళు మొగలినీళ్ళు. ఆ నూనె ఏమిటని అడిగాను. పాతకాలంలో చందనం. ఇప్పుడు చందనం ధర చూసి గుండెలు బాదుకోవడమే, చాలామంది పోసేది లిక్విడ్ పారాఫిన్. పెద్దాయన ఈ మాట దాచలేదు, గొప్పగానూ చెప్పలేదు. చందనం అత్తరు ఏళ్ళు గడిచే కొద్దీ పండుతుందట. "ఇది పండదు. ఉన్నట్టే ఉంటుంది, తర్వాత ఉండదు."

2012 నుంచి రాష్ట్రాలు ఒక్కొక్కటే గుట్కా అమ్మకాన్ని నిషేధిస్తూ వచ్చాయి. దాంతో గుట్కాలోకి మొగలి కొనేవాడు చెయ్యి బిగించాడు. మరుసటి ఏడాదే ఫైలిన్. ఆ రెండు దెబ్బలకు ఈ చుట్టుపక్కల పొయ్యిలు కొన్ని మళ్ళీ వెలగలేదని చూపించాడు. పాక చివర ఒక డేగ్ బోర్లించి ఉంది, దాని మీద కోడి. నోటి క్యాన్సరు తెచ్చే సరుకు ఆగిపోతే మంచిదే కదా అని నా మనసులో మాట. ఆ పూట పువ్వుకు తొమ్మిది రూపాయలు లెక్కపెట్టుకున్న ఆవిడ గుర్తొచ్చి పైకి అనలేదు.

వెళ్ళబోతుంటే చెంబు అడుగున మిగిలిన గోరువెచ్చటి మొగలినీళ్ళు దోసిట్లో పోశాడు. ముఖం మీద చల్లుకున్నాను. పొద్దున చీకట్లో గట్టు మీద వచ్చిన వాసనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఇదే. అత్తరు కాదు, లక్షల రూహ్ కూడా కాదు, మిఠాయి కొట్లకు డబ్బాల్లో పోయే ఈ చవక నీళ్ళు. ఒక సీసా డెబ్బై రూపాయలకు కొన్నాను. పది మిల్లీలీటర్ల పారాఫిన్ అత్తరు మూడు వందలు. పువ్వుకు డబ్బు తీసుకోలేదు. "ఊరికి చేరేసరికి వాసన ఉండదు, దానికి డబ్బెందుకు?" అన్నాడు.

ఆగస్టు 23, ఛత్రపురం మీదుగా

ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోటు చూసి రైలెక్కుదామనుకున్నాం. ఫిబ్రవరి, మార్చిల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు లక్షల్లో గుడ్లు పెట్టే ఒడ్డు అది. ఆగస్టులో ఒక్కటీ ఉండదని తెలుసు, ఖాళీ ఇసుకనైనా చూద్దామని. దారి తప్పి పోటాగడ కోట ముందు తేలాం. కుంపిణీవాళ్ళు పద్దెనిమిదో శతాబ్దంలో నక్షత్రం ఆకారంలో కట్టిన కోట. ముళ్ళకంపలు, మేకలు, ఎండ. కోట గోడ పగుల్లోంచి కూడా మొగలి ఒకటి మొలిచింది. ఆటో అబ్బాయి దాన్ని చూపించి, "అక్కా, కియా!" అన్నాడు. నాలుగు రోజులుగా వాడు దాచుకున్న హాస్యం అది. నదీముఖం చూడటానికి వేళ మిగల్లేదు.

తంపర చెరువు పక్కన టీ తాగి వాడితో లెక్క చూసుకున్నాను. మూడు రోజులకు రెండు వేల ఆరు వందలన్నాడు. షోరూము షికారును కలపలేదన్నాడు, అది ముందే ఇచ్చానని గుర్తు చేశాను.

రైల్లో సంచి సీటు కింద పెట్టాను. పావుగంటకు ఎదుటి సీటు ఆయన భార్యతో, "బిర్యానీ వచ్చినట్టుంది, చూడు" అన్నాడు. ఆవిడ వాసన చూసి, ముఖం తిప్పుకుని, "చేపల బిర్యానీ" అంది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇంటికొచ్చాక

సంచి హాల్లో దించి కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి అమ్మ దాని ముందు చతికిలబడి ఉంది. ఇంకా జిప్పు తీయలేదు. మొగలిపువ్వు, నెత్తళ్ళ పొట్లం ఒకే అరలో ప్రయాణం చేశాయి. పొట్లం ఎక్కడో చిరిగింది. పువ్వు అంచులు గోధుమరంగుకు తిరిగాయి, చీమ కూడా వచ్చినట్టుంది.

అత్తరు సీసా ముందు ఇచ్చాను. మూత తీసి చూసి, "పెళ్ళివారి వాసన" అని పక్కన పెట్టింది. మొగలినీళ్ళు చూసి తమ్ముడి కొడుకు, "ఇవాళ బిర్యానీయా?" అన్నాడు. వాడి తప్పేమీ లేదు, వాడి తరానికి మొగలి ఆ డబ్బాలోంచే వచ్చింది. అప్పుడు అమ్మ సంచి జిప్పు బర్రున లాగి ముఖం లోపల పెట్టేసింది.

"ఆఁ, ఇది" అంది, లోపలి నుంచే.

పువ్వు మాత్రమే తీసి వాసన చూడమ్మా, నెత్తళ్ళు కలిసిపోయాయి అన్నాను. "అవి లేకపోతే మా ఊరు ఎలా అవుతుంది?" అని, పువ్వు రేకు రేకుగా విప్పి, బీరువాలో చీరల మధ్య సర్దింది. వాటిలో నా ధర్మవరం చీర ఉందని ఆలస్యంగా గమనించాను. నెత్తళ్ళు ఆ రాత్రే వంకాయతో కూరయ్యాయి.

సంచి మాత్రం మూడుసార్లు ఉతికినా పోలేదు. నాలుగోసారి ఆరబెట్టి ఉండగా, తమ్ముడి కొడుకు జాలిపడి తన నీలం సీసా తెచ్చి లోపల రెండు సార్లు కొట్టాడు. ఇప్పుడు పుచ్చకాయ కూడా చేరింది.